సరిహద్దు దాటి వస్తే వీసా పెరుగుతుందా?
థాయిలాండ్ వెళ్ళిన వారి కుటుంబాలు తెలుసుకోదగిన విషయాలు

సరిహద్దు అనే మాట మన గ్రామాల వారికి కొత్తది కాదు. హోసూరు, బళ్ళారి, రాయగడ ప్రాంతాలలో ఇల్లు ఒక రాష్ట్రంలోను, పొలం మరొక రాష్ట్రంలోను ఉన్న కుటుంబాలు కలవు. ఉదయం ఒక భాషలో బేరమాడి, సాయంత్రం మరొక భాషలో లెక్క చెప్పుకొనడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇటువంటి దారి కూడ ఒక్కొక్కప్పుడు మూసుకొనిపోతుందని 2020లో మనవారు కళ్ళారా చూచారు. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలో, కరోనా కాలంలో, తమిళనాడులోని వేలూరు జిల్లా యంత్రాంగం చిత్తూరు జిల్లా వైపు వచ్చే సైనగుంట, పొన్నై రోడ్లకు అడ్డంగా గోడలు కట్టించింది. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల నడుమనే ఇట్లు జరిగినప్పుడు, రెండు దేశాల నడుమ ఉన్న గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుందని నమ్ముకొనడం ఎంతవరకు క్షేమమో ఆలోచించవలసి ఉన్నది.

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇండ్లకు చేరింది. మన పిల్లలు విహారానికో, చదువుకో, ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతోనో థాయిలాండ్ వెళుతున్నారు. పాస్‌పోర్టులోని ముద్రలు ఇంగ్లీషులో ఉండటం వలన వాటి నకళ్ళు చదివించుకొనడానికి పెద్దలు బడికి వస్తూ ఉంటారు. "అయ్యవారూ, మావాడు రెండు నెలలకొకసారి గేటు దాటి మళ్ళీ లోపలికి వస్తాడంట. వీసా దానంతట అదే పెరుగుతుందంట" అని ఒక తండ్రి చెప్పారు. ఆ మాటలో కొంత నిజమున్నది, ఎక్కువ ప్రమాదమున్నది. ఆ రెండింటినీ విడదీసి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

వీసా వేరు, నివాస గడువు వేరు

మొదట తెలుసుకోవలసిన భేదం ఇది. వీసా అనేది ఒక దేశపు ద్వారం వద్దకు వెళ్ళి ప్రవేశం అడగడానికి ఇచ్చే అనుమతి. లోపల ఎన్ని రోజులు ఉండవచ్చునో నిర్ణయించేది ద్వారం వద్ద అధికారి వేసే ముద్ర. థాయిలాండ్ ముద్రలో 'అడ్మిటెడ్' అన్న మాట, దాని క్రింద 'అన్‌టిల్' అన్న మాట, ఎదుట ఒక తేదీ ఉంటాయి. ఆ తేదీయే గడువు. వీసా కాగితం మీద 'ఎంటర్ బిఫోర్' అని ఉండే తేదీ ఆ లోగా దేశంలో ప్రవేశించాలని తెలుపుతుందే గాని, అంతవరకు అక్కడ ఉండవచ్చునని కాదు. ఈ రెండు తేదీలను తారుమారు చేసుకొని చిక్కులలో పడినవారున్నారు.

భారతీయులకు థాయిలాండ్ 2023 నవంబరు 10 నుండి ముందస్తు వీసా లేకుండా 30 రోజుల ప్రవేశం కల్పించింది. 2024 జూలై 15 నుండి దానిని 60 రోజులకు పెంచింది. అంతకు ముందు విమానాశ్రయంలో రుసుము చెల్లించి 15 రోజుల వీసా తీసుకొనే పద్ధతి ఉండేది. కొద్ది కాలంలోనే నిబంధన ఇన్నిసార్లు మారిందంటే, నిరుడు వెళ్ళి వచ్చిన వారి మాట ఈ ఏడు చెల్లకపోవచ్చునని గ్రహించాలి. బయలుదేరే ముందు థాయి రాయబార కార్యాలయం ప్రకటనను చూచుకొనడమే సరియైన పద్ధతి.

లెక్కించే విధానం కూడ తెలియాలి. ప్రవేశించిన రోజే మొదటి రోజు. జూలై 10న ప్రవేశించి 30 రోజుల అనుమతి పొందిన వ్యక్తి గడువు ఆగస్టు 8తో ముగుస్తుంది, ఆగస్టు 10తో కాదు. 60 రోజులైతే సెప్టెంబరు 7తో ముగుస్తుంది. ముప్పై రోజులంటే ఒక నెల అని వేలు మడిచి లెక్కపెట్టేవారు ఇక్కడే పొరబడతారు. మరొక విశేషమేమనగా, థాయిలాండ్ ప్రభుత్వ పత్రాలలో బౌద్ధ శకం వాడుకలో ఉన్నది. అది క్రీస్తు శకం కంటే 543 సంవత్సరాలు ముందుంటుంది. ఏదైనా రసీదు మీద 2568 అని కనిపిస్తే అది 2025 అని అర్థం.

'బోర్డర్ రన్' అనగా ఏమి?

గడువు ముగియబోయే సమయంలో పొరుగు దేశంలోకి వెళ్ళి, అదే రోజు గాని మరునాడు గాని తిరిగి వచ్చి, కొత్త ముద్ర వేయించుకొనడాన్ని అక్కడ బోర్డర్ రన్ లేక వీసా రన్ అంటారు. థాయిలాండ్‌కు నాలుగు దేశాలతో భూ సరిహద్దు ఉన్నది. కంబోడియా వైపు అరణ్యప్రథేత్–పాయిపెట్, లావోస్ వైపు మెకాంగ్ నది మీద 1994లో ప్రారంభమైన నోంగ్‌ఖాయి మైత్రీ వంతెన, మలేషియా వైపు సదావో, పదాంగ్ బెసార్, మయన్మార్ వైపు మేసోట్, మేసాయి ముఖ్యమైన ద్వారాలు. వీటిలో బ్యాంకాక్ నుండి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరణ్యప్రథేత్ చాల కాలం ఎక్కువ మంది వాడిన దారి.

ఆ దారిలో జరిగే పని నాలుగు మెట్లుగా ఉంటుంది. మొదట థాయి కార్యాలయంలో నిష్క్రమణ ముద్ర పడుతుంది. రెండవది, కంబోడియా వీసా చూపి ఆ దేశపు ప్రవేశ ముద్ర వేయించుకోవాలి. మూడవది, కంబోడియా నిష్క్రమణ ముద్ర. నాలుగవది, తిరిగి థాయి ప్రవేశ ముద్ర. చెప్పడానికి ఇది తేలికగా ఉన్నా, మొదటి ముద్ర పడిన క్షణంలోనే పాత అనుమతి ముగిసిపోతుంది. నాలుగవ ముద్ర పడే దాకా ఆ మనిషికి థాయిలాండ్‌లో ఉండే అర్హత ఏదీ లేదు. నడుమ రెండు కార్యాలయాల మధ్య జూదశాలలు నిండిన చిన్న వీధి ఉన్నది. వెనుక గేటు ఒప్పుకొనక, ముందు గేటు కదలక ఆ వీధిలో నిలిచిపోయే అవకాశం ప్రతిసారీ ఉంటుంది.

కాబట్టి దీనిని పునరుద్ధరణ అనడం సరికాదు. ఉన్న అనుమతిని వదులుకొని మళ్ళీ కొత్తగా అడగడం అనాలి. కౌలు గడువు ఉండగానే కాగితం తిరగ వ్రాయించుకొనడం ఒక పద్ధతి. పొలం వదలి బయటకు వచ్చి, మళ్ళీ ఇస్తారేమోనని గట్టు మీద నిలబడటం మరొకటి. బోర్డర్ రన్ ఈ రెండవ దానివంటిది.

కాదనే అధికారం

తిరిగి ప్రవేశం అడిగిన వారిని కాదనే అధికారం అక్కడి అధికారికి చట్టప్రకారం ఉన్నది. చేతిలో తగిన సొమ్ము చూపమని, తిరుగు ప్రయాణపు టికెట్ చూపమని, బస ఎక్కడో చెప్పమని అడగవచ్చును. ఒక్కొక్కరికి 20,000 బాత్‌ల నగదు అడిగిన సందర్భాలున్నాయి. పదే పదే వెళ్ళి వచ్చిన ముద్రలు కనిపిస్తే, ఇతడు విహారి కాడు, ఇక్కడ నివసిస్తూ పని చేస్తున్నాడని అనుమానించవచ్చును.

2014 మే నెలలో ఈ అలవాటు మీద థాయి ఇమిగ్రేషన్ శాఖ కఠిన చర్యలు మొదలుపెట్టింది. భూ సరిహద్దుల వద్ద వెంటనే, విమానాశ్రయాలలో ఆగస్టు 12 నుండి అమలు చేసింది. 2016 డిసెంబరు 31 నుండి, వీసా మినహాయింపు మీద భూమార్గంలో ప్రవేశం ఒక క్యాలెండరు సంవత్సరంలో రెండు సార్లకు మించకూడదన్న నియమం తెచ్చింది. 2025 నవంబరులో, సరియైన కారణం లేకుండా రెండు సార్లకు మించి ఇట్లు వెళ్ళి వచ్చేవారికి ప్రవేశం నిరాకరిస్తామని మళ్ళీ ప్రకటించింది. ఈ వరుసను చూస్తే, గేటు దగ్గర పట్టు ఏటేటా బిగుస్తున్నదే గాని సడలడం లేదు.

అల్లర్ల కాలంలో ఏమి జరిగినది?

శాంతి కాలంలోనే ఇంత అనిశ్చితి ఉన్నప్పుడు రాజకీయ అల్లర్ల కాలంలో దాని రూపం ఎట్లుంటుందో గత అనుభవాలు చెబుతున్నాయి. ప్రతి సంఘటనలోను ఒక వేరైన పాఠమున్నది.

2008 నవంబరు 25న ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమకారులు బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయాన్ని ఆక్రమించారు. డిసెంబరు 3 వరకు వారు కదలలేదు. లక్షలాది ప్రయాణికులు చిక్కుకున్నారు. కొందరిని ఉతాపావ్ విమాన స్థావరం నుండి పంపారు, కొందరు బస్సులలో మలేషియా వైపు సాగారు. అప్పుడు ఆకాశమార్గం మూసుకొనిపోయి భూమార్గమే ఆదుకొన్నది.

2014 మే 22న సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొన్నది. రాత్రి 10 గంటల నుండి ఉదయం 5 గంటల వరకు కర్ఫ్యూ విధించారు. జూన్ 13న దానిని దేశమంతటా ఎత్తివేశారు. అదే జూన్ నెలలో, అక్రమంగా పనిచేస్తున్న వారిని పట్టుకొంటారన్న భయంతో రెండు లక్షలకు పైగా కంబోడియా కూలీలు స్వదేశానికి పరుగెత్తారు. వారిలో అత్యధికులు పాయిపెట్ గేటు గుండానే వెళ్ళారు. గేటు మూయకపోయినా, భయం ప్రజలను ఒకేసారి కదిలించినప్పుడు ఆ ద్వారం సామాన్య ప్రయాణికునికి అందుబాటులో ఉండదని అప్పుడు తెలిసింది.

2020 మార్చిలో కరోనా వలన భూ సరిహద్దులు మూతపడ్డాయి. ఇది రాజకీయ అలజడి కాకపోయినా మన విషయానికి ముఖ్యమైన ఉదాహరణ. వెళ్ళలేక చిక్కుకున్న విదేశీయులకు థాయి ప్రభుత్వం మార్చి 26 నుండి సెప్టెంబరు 26 వరకు గడువు విషయంలో మినహాయింపు ప్రకటించింది. ఆ తరువాత కూడ ఉండవలసిన వారు ఇమిగ్రేషన్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకొన్నారు. అనేక దేశాల రాయబార కార్యాలయాలు తమ పౌరులకు లేఖలు ఇచ్చాయి. మలేషియా తన భూ సరిహద్దును మళ్ళీ తెరిచినది 2022 ఏప్రిల్ 1న. రెండు వారాలలో తెరుస్తారనుకొన్న గేటు రెండు సంవత్సరాలు మూసి ఉన్నది.

అన్నిటికంటె కఠినమైన పాఠం 2025లో వచ్చింది. మే 28న థాయి, కంబోడియా సైనికుల మధ్య కాల్పులలో ఒక కంబోడియా సైనికుడు మరణించాడు. జూన్ 7 నుండి థాయిలాండ్ గేట్ల వేళలను కుదించింది. పొద్దుపోయే దాకా తెరిచి ఉండే ద్వారాలు పలుచోట్ల ఉదయం 8 నుండి సాయంత్రం 4 వరకే పనిచేశాయి. జూన్ చివరి వారంలో విహార యాత్రికులతో సహా దాదాపు అందరి రాకపోకలనూ నిలిపివేసింది. ఆ నెలలోనే థాయి ప్రధాని పేతోంగ్‌తార్న్ షినవత్ర, కంబోడియా నాయకుడు హున్ సేన్‌తో జరిపిన ఫోను సంభాషణ బయటపడి బ్యాంకాక్‌లో రాజకీయ సంక్షోభం రేగింది. జూలై 1న న్యాయస్థానం ఆమెను విధుల నుండి తాత్కాలికంగా తప్పించింది, ఆగస్టు 29న పదవి నుండి తొలగించింది. ఈ నడుమనే జూలై 24 నుండి 28 వరకు రెండు దేశాల మధ్య యుద్ధమే జరిగింది. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం సరిహద్దు జిల్లాలకు వెళ్ళవద్దని మనవారిని హెచ్చరించింది. అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో ఒప్పందం కుదిరినా, డిసెంబరులో మళ్ళీ పోరు రగిలింది. డిసెంబరు 27న కాల్పుల విరమణ జరిగింది. ఏడాది ముగిసే నాటికి కూడ ఆ భూమార్గం సామాన్య ప్రయాణికులకు తెరుచుకోలేదు.

ఈ క్రమాన్ని తేదీల వారీగా చూచినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. మొదటి కాల్పులకు, వేళల కుదింపుకు నడుమ పది రోజులు, కుదింపుకు పూర్తి మూసివేతకు నడుమ సుమారు రెండున్నర వారాలు ఉన్నాయి. గేటు వేళలు కుదించడమే తొలి హెచ్చరిక. ఆ వార్త విన్ననాడే వేరు ఏర్పాటు చూచుకొన్నవారు చిక్కులు తప్పించుకొన్నారు. "మా గడువు నెలాఖరుకు కదా, అప్పుడు వెళదాం" అనుకొన్నవారికి నెలాఖరున గేటు లేదు.

గడువు మీరితే

గడువు దాటి ఉన్న ప్రతి రోజుకు 500 బాత్‌ల జరిమానా. పన్నెండు రోజులైతే 6,000 బాత్‌లు. నలభై రోజులకు 20,000 బాత్‌లు అవుతుంది, అంతకు మించి జరిమానా పెరగదు. కాని జరిమానాతో కథ ముగియదు. 2016 మార్చి 20 నుండి అమలులో పెట్టిన నియమం ప్రకారం, 90 రోజులు మించి అధికంగా ఉండి తనంతట తాను నిష్క్రమించే వ్యక్తిని ఒక సంవత్సరం పాటు మళ్ళీ రానివ్వరు. ఒక సంవత్సరం మించితే మూడేళ్ళు, మూడేళ్ళు మించితే ఐదేళ్ళు, ఐదేళ్ళు మించితే పదేళ్ళు నిషేధం.

పోలీసులకు పట్టుబడితే లెక్క మరొక విధం. అధికంగా ఉన్నది ఒక సంవత్సరం లోపే అయినా ఐదేళ్ళ నిషేధం, సంవత్సరం మించితే పదేళ్ళు. అంటే పది రోజుల జాప్యానికి 5,000 బాత్‌లు కట్టి విమానాశ్రయం గుండా బయటపడే వ్యక్తికి, అదే పది రోజుల జాప్యంతో వీధి తనిఖీలో దొరికిన వ్యక్తికి శిక్షలో చాల భేదం ఉన్నది. అల్లర్ల కాలంలో తనిఖీలు ఎక్కువవుతాయి గనుక ఈ భేదాన్ని మరువరాదు.

గేటు మూసినారు కాబట్టి గడువు దానంతట అదే ఆగిపోతుందని కొందరి నమ్మకం. ప్రభుత్వం 2020లో వలె ప్రకటన చేస్తే తప్ప ఆగదు.

సక్రమమైన మార్గం

గేటుకు పోకుండానే గడువు పెంచుకొనే మార్గం ఒకటి ఉన్నది. దేశం లోపలి ఇమిగ్రేషన్ కార్యాలయంలో గడువు ముగియక ముందే దరఖాస్తు చేయడం. రుసుము 1,900 బాత్‌లు. విహార యాత్రికులకు సాధారణంగా 30 రోజుల వరకు పెంచుతారు. అధికారి విచక్షణ ఇక్కడా ఉన్నది గాని, దరఖాస్తు పెట్టేటప్పుడు పాత అనుమతి చేతిలోనే ఉంటుంది. చివరి రోజు వరకు ఆగక, వారం పది రోజులు ముందుగా వెళ్ళడం మంచిది. చివరి రోజున సెలవు రావచ్చును, కర్ఫ్యూ రావచ్చును.

చదువు మీద, ఉద్యోగం మీద దీర్ఘకాల అనుమతి పొందినవారికి మరొక జాగ్రత్త అవసరం. వారు దేశం విడిచే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ అనే అనుమతి తీసుకోవాలి. ఒకసారి వెళ్ళి రావడానికి 1,000 బాత్‌లు, పలుమార్లకు 3,800 బాత్‌లు. అది లేకుండా గేటు దాటితే, ఏడాది అనుమతి అయినా సరే ఆ క్షణంలోనే రద్దవుతుంది. అల్లర్లకు భయపడి ఉన్నపళంగా ఊరికి వచ్చేసినవారు మళ్ళీ ఆ కాగితాలన్నీ మొదటినుండి చేయించుకోవలసి వస్తుంది. కనుక ఉద్రిక్తత మొదలైన వెంటనే ముందు జాగ్రత్తగా ఈ పర్మిట్ తీసి ఉంచుకొనడం వివేకం.

తప్పనిసరిగా బయటకు వెళ్ళి రావలసి వస్తే, అశాంతిగా ఉన్న గేటును విడిచి శాంతిగా ఉన్న దేశం వైపు వెళ్ళాలి. పొరుగు దేశంలో ప్రవేశించే అర్హత ముందుగా చూచుకోవాలి. కంబోడియాకు మనవారికి వీసా కావాలి. మలేషియా 2023 డిసెంబరు 1 నుండి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేని ప్రవేశం కల్పించింది. థాయిలాండ్‌లో మళ్ళీ ప్రవేశించేవారు 2025 మే 1 నుండి డిజిటల్ అరైవల్ కార్డు ముందుగా ఇంటర్నెట్‌లో నింపవలసి ఉన్నది. తిరిగి రానివ్వకపోతే అక్కడి నుండే స్వదేశానికి విమానం ఎక్కగలిగినంత సొమ్ము దగ్గర ఉండాలి.

ఉద్యోగం పేరుతో గేటు దాటించేవారు

మన కుటుంబాలకు అన్నిటికంటె ఎక్కువ హాని చేసినది మరొక రకమైన సరిహద్దు దాటింపు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం పత్రికలలో వచ్చింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి విహార వీసాల మీద యువకులను కంబోడియా చేర్చి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. మయన్మార్ వైపు పద్ధతి ఇంకా ఘోరం. బ్యాంకాక్‌కు రప్పించి, మేసోట్ వరకు కారులో తీసుకొని వెళ్ళి, మోయి నది దాటించి మ్యావడి ప్రాంతపు మోసాల శిబిరాలకు అప్పగించారు. 2025 మార్చి 10, 11 తేదీలలో భారత ప్రభుత్వం మేసోట్ నుండి వైమానిక దళ విమానాలలో 549 మందిని స్వదేశానికి చేర్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు.

చీకటిలో నది దాటినవారి పాస్‌పోర్టులో థాయి నిష్క్రమణ ముద్ర ఉండదు, మయన్మార్ ప్రవేశ ముద్ర ఉండదు. అందువలన బయటపడిన తరువాత కూడ థాయి చట్టం ముందు గడువు మీరినవారిగానే నిలబడవలసి వస్తుంది. "ముద్ర అవసరం లేదు, పడవలో దాటిస్తాం" అని ఎవరైనా అంటే అది ఉద్యోగం కాదని అక్కడికక్కడే తెలిసికోవాలి. విహార వీసా మీద ఏ పనీ చేయడానికి అనుమతి లేదు. ఉద్యోగానికి పంపే ఏజెంటు భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో నమోదైనవాడా కాదా అని పరిశీలించిన తరువాతనే డబ్బు ఇవ్వాలి.

ఇంటివారు చేయవలసినవి

పిల్లలు దూరాన ఉన్నా, ఇంట ఉన్నవారు చేయగల పనులు కొన్ని కలవు. పాస్‌పోర్టు మొదటి పుట, చివరి ప్రవేశ ముద్ర ఉన్న పుట, ఈ రెండింటి ఫోటోలు ఇంటికి తెప్పించుకోవాలి. ముద్రలోని గడువు తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టి, దానికి పదిహేను రోజుల ముందు మరొక గుర్తు పెట్టాలి. ఆ మొదటి గుర్తు నాడు ఫోను చేసి, "ఆఫీసుకు వెళ్ళినావా, రసీదు వచ్చిందా" అని అడగాలి. "గేటుకు పోతాను" అన్న సమాధానం వస్తే, ఏ గేటు, ఏ దేశం, ఇది ఎన్నవసారి అని మూడు ప్రశ్నలు వేయాలి.

పాస్‌పోర్టు ఎవరికీ దాచమని ఇవ్వరాదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు ఇంట్లో వ్రాసి ఉంచుకోవాలి. ఆపద వస్తే విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఇంటి నుండే ఫిర్యాదు నమోదు చేయవచ్చును. పాస్‌పోర్టు పోయినా, ఎవరైనా లాగుకొన్నా, స్వదేశానికి రావడానికి రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికేట్ ఇస్తుంది. దానికి పాస్‌పోర్టు నకలు ఎంతో సహాయపడుతుంది. ఆ నకలు లేని ఇల్లు ఉంటే, ఈ వారంలోనే తెప్పించుకొన వలసినదిగా పాఠకులకు మనవి.